పెళ్లికారు తెల్లరంగు

ఎల్ ఆల్టో,
9 ఆగస్టు 1999

నెల్వా అక్కకు,

ఇక్కడ నేనూ బాసిలియా అత్తా బాగున్నాం. ఇంట్లో మూడో మనిషి, అనగా కారు, ప్రస్తుతం పట్టాభిషేకం జరిగిన రాజులాగా వీధిలో కూర్చుని ఉంది. ఆ వైభవమే సవివరంగా మనవి చేసుకుంటున్నాను.

కాబోయే బావగారు అదెమార్ చిలీనుంచి సరిహద్దు దాటించి తెచ్చి మన గుమ్మంలో పెట్టిన తెల్ల కారును, నీ ఆజ్ఞ ప్రకారం, టాక్సీగా రోడ్డెక్కించే ముందు చర్చిలోని కోపకబానా తల్లి దీవెనకు తీసుకెళ్లాను. పండగ వారం కదా, దేశంలో చక్రాలున్న ప్రతిదీ అక్కడే ఉంది. లారీలు, మినీబస్సులు, ఆఖరికి ఒక ఐస్‌క్రీం బండి కూడా. అత్త బానెట్‌కు పూలదండ కట్టింది, అద్దాలకు రిబ్బన్లు చుట్టింది, కప్పు మీద కాగితపు టోపీ పెట్టింది. ఫాదర్ బకెట్టు, కుంచె పట్టుకుని వచ్చి ఇంజను మీద, సీట్ల మీద, నా నెత్తి మీద సమానంగా పవిత్రజలం చల్లాడు. ఆయన అటు తిరగ్గానే అత్త తన కార్యక్రమం మొదలుపెట్టింది. బీరు సీసా ఊపి నాలుగు చక్రాలకూ పోసింది. బానెట్ మీద ఎర్ర వైను, దాని మీద సారా, వాటన్నిటి మీద గుప్పెళ్లకొద్దీ రంగుకాగితం ముక్కలు.

"కొంచెం చాలు కదత్తా, కారు మత్తులో నడిచేలా ఉంది," అన్నాను.

"నోర్ముయ్. భూమితల్లికి పొయ్యకుండా బండి నడిపితే బండి నిన్ను తీసుకెళ్లి భూమికిస్తుంది," అంది.

సోషియాలజీ పట్టా ఉన్నవాణ్ని. ఇలాంటి వాక్యానికి జవాబు లేదని పాఠాల్లో చదువుకున్నాను. ఇంకో సీసా మూత తీసి అందించాను.

దీవెనను మనం కడగకూడదట, దానంతటది రాలాలట. అందుకని ఆ అలంకారంతోనే ఇంటికి తెచ్చాం. నిన్న మంచూ వానా కలిసి కురిసింది. ఆ కాగితాల రంగంతా కరిగి బానెట్ మీద ఎరుపు, ఆకుపచ్చ, వంకాయరంగు కాలవలు కట్టాయి. అత్త "తల్లి ఆడుకుంది" అని మురిసిపోతోంది. నాకైతే కారుకు ఆటలమ్మ పోసినట్టుంది.

ఈ ఉత్తరం ఆరీకా బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను. పోస్టాఫీసును నమ్ముకుంటే నీ మనవల పెళ్లికి అందుతుంది.

పట్టా పక్కన పెట్టి స్టీరింగు పట్టబోతున్న నీ తమ్ముడు,
గ్రోవర్


ఆరీకా,
13 ఆగస్టు 1999

గ్రోవర్,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తరవాత ఆ కాలవల సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. దీవెన దీవెనే, కారు కారే. అత్తతో చెప్పు, రాలాల్సినంత రాలింది, ఇక కడిగెయ్యాలని.

ఇక్కడ నా చేతులు ఆలివ్ పీపాల ఉప్పునీళ్లకు పగిలి మండుతున్నాయి. రాత్రి నూనె రాసుకుంటే పొద్దున్నకి మళ్లీ అంతే. షెడ్డులో ఆడవాళ్లందరికీ నా పెళ్లే కబురు. "చర్చికి దేన్లో పోతావే నెల్వా, ఆలివ్ లారీలోనా?" అని ఏడిపించారు. "తెల్ల కారులో" అన్నాను. అంతే, అందరూ పీపాల్లోకి తలలు దించారు. ముప్పై నాలుగేళ్లు వచ్చాక ఇలాంటి మాట ఒక్కసారి అనగలిగాను, మురిసిపోనీ నన్ను.

నీకు అదెమార్ మీసం తప్ప ఇంకేమీ కనపడదు. రోజూ షెడ్డు గేటు దగ్గర ఎండలో నిలబడతాడు నా కోసం. నా తమ్ముడికి బతుకుతెరువు కావాలని నేను అడక్కుండానే ఆలోచించి, ఇకీకె ఊళ్లో ఎవరో పళ్ల డాక్టరు ఆదివారాలు మాత్రమే నడిపిన కారని వెతికి పట్టుకొచ్చాడు. అమ్మ పోయాక నా గురించి అంత ఆలోచించినవాళ్లు ఎవరున్నారు చెప్పు. నువ్వా?

పెళ్లి సెప్టెంబరు రెండో శనివారం, మన వీధి చర్చిలోనే. అప్పటికి కారు పాలలా ఉండాలి. ఒక్క మరక కనపడినా నిన్ను కప్పు మీద కూర్చోబెట్టి ఊరేగిస్తాను.

అత్తకు నా ముద్దులు. నీకు మొట్టికాయ.
అక్క


ఆరీకా,
15 ఆగస్టు

గ్రోవర్,

ఇది చీటీ మాత్రమే, డ్రైవర్ హారను కొడుతున్నాడు. కారు కడగమన్నానని అదెమార్‌తో అంటే కంగారు పడ్డాడు. ఒట్టి నీళ్లతో మాత్రమే కడగమన్నాడు. సబ్బు కూడా వద్దట, ఏ మందూ తగలనివ్వొద్దట. సున్నితమైన రంగట. విను.

అక్క


ఎల్ ఆల్టో,
16 ఆగస్టు 1999

అక్కా,

నీ ఆజ్ఞ (పదమూడో తారీఖుది) శిరసావహించాను. ఫలితం గురించి కూర్చుని చదువు.

ముందు సబ్బునీళ్లు వాడాను. కాగితం ముక్కలు పోయాయి, వాటి రంగు పోలేదు. తరవాత బట్టలకు వాడే బ్లీచింగ్ నీళ్లు. ఎరుపు కాస్తా గులాబీ అయింది, ఆకుపచ్చకు చీమ కుట్టినట్టైనా లేదు. ఇక వీధి చివర కోడివేపుడు కొట్టు రెంబెర్తో నా అవస్థ చూసి, తన పొయ్యిల జిడ్డు వదలగొట్టే మందు సీసాడు తెచ్చిచ్చాడు.

"ఏళ్ల తరబడి పట్టిన కొవ్వే దిగిపోతుందయ్యా. కాగితం రంగు ఒక లెక్కా?"

"కారుకు ఏమీ కాదుగా?"

"నా పొయ్యికి ఏమైంది?"

తర్కం బలంగా ఉంది. బానెట్ నిండా కొట్టాను. ఈలోగా అత్త సూపు చల్లారుతోందని పిలిచింది. ఎండ బాగా కాస్తోంది, మందుకు మంచిదనుకున్నాను. తిని వచ్చి చూద్దును కదా, బానెట్ మీద తెల్లరంగు పాల మీద మీగడలాగా ముడతలు పడి ఉంది. గుడ్డతో తుడిచాను. గుడ్డ తెల్లబడింది, కారు నల్లబడింది.

అత్త వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏం చేశావురా?"

"కడిగాను."

"కడిగావా, ఒలిచావా?"

అక్కా, నీ దగ్గర దాచను. బానెట్ సగం పైగా నలుపు. అది కూడా ఏదో మురికి నలుపు కాదు, నిగనిగలాడే నలుపు. మందు దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. పెళ్లికూతురు తెల్ల గౌను ఎత్తి చూస్తే లోపల సన్యాసిని గౌను ఉన్నట్టుంది. పెళ్లి ఆలోచన మానుకుని మఠంలో చేరే ఉద్దేశం నీకేమైనా ఉంటే, వాహనం సిద్ధం.

తిట్టుకో. కొట్టడానికి మాత్రం సరిహద్దు దాటాలి.

నేరస్థుడు,
గ్రోవర్


ఆరీకా,
19 ఆగస్టు 1999

గ్రోవర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎక్కడైనా "క్షమించు" అన్న మాట ఉందేమోనని. సన్యాసిని ఉంది, మీగడ ఉంది, అది లేదు.

నువ్వు కారు కడగలేదు, కోడి ఈకలు పీకినట్టు పీకావు. పీకిందీ కోళ్ల కొట్టు మందుతోనే. నీళ్లతో మాత్రమే కడగమని చీటీ పంపానే, అది నీకు అందలేదా, అంది పక్కన పెట్టావా?

కింద నలుపుందంటావు. ఉంటే ఏమిటి? అడుగు పూత అయ్యుంటుంది. రంగేసేవాళ్లు ముందు ఏదో ఒకటి పూస్తారుగా. దానికేదో అర్థం ఉన్నట్టు రాస్తావేమిటి?

అదెమార్‌కు ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే నా తమ్ముడు ఎందుకూ పనికిరాడని నా నోటితో నేనే చెప్పాలి. అతనంటే నీకు పడదని నాకు తెలుసు. అతని మీసం మీద నువ్వు కట్టిన పాట అతని చెవిన కూడా పడింది, తెలుసా? ఏమీ అనలేదు, నవ్వి ఊరుకున్నాడు. అది మనిషి పెద్దరికం.

ఎవరినైనా పట్టుకుని మళ్లీ తెల్లరంగు వేయించు. పెళ్లి దగ్గర పడుతోంది. నన్నిలా నడివీధిలో నిలబెట్టకు.

నెల్వా


ఎల్ ఆల్టో,
22 ఆగస్టు 1999

అక్కా,

ముందుగా, తప్పిపోయిన మాట: క్షమించు. అక్షరాలు పెద్దవిగా ఉండాలంటే చెప్పు, మళ్లీ రాస్తాను.

నీ చీటీ కడిగిన మర్నాడు అందింది. ఇక్కడినుంచి నా సామాజిక పరిశోధన ప్రారంభం.

రంగు వేయించడానికి ముందు మిగతా ఒళ్లంతా ఎలా ఉందో చూద్దామని కప్పు ఎక్కాను. కాగితపు టోపీ అతికించిన చోట రంగు పొక్కింది. గోటితో గీకాను. తెలుపు లేచింది. కింద నలుపు లేదు. పసుపుంది. ఇంకొంచెం గీకాను, ఇంకొంచెం పసుపు. కప్పంతా పసుపు, కిందంతా నలుపు.

నువ్వు రోజూ ఆరీకా వీధి దాటుతావు. నల్ల ఒళ్లు, పసుపు నెత్తి ఉన్నవి నీ ముందునుంచి ఏవి పోతుంటాయి? చిలీ దేశంలో ఆ వేషం వేసుకునే హక్కు టాక్సీలకు తప్ప ఇంకెవరికి ఉంది? మన పళ్ల డాక్టరు ఆదివారాలు పన్ను పీకి, రోగిని తనే ఇంటి దగ్గర దింపి వచ్చేవాడేమో మరి.

అత్త తీర్పు ఇంకా గట్టిది. సిగరెట్టు ఆర్పి, శిలువ గుర్తు వేసుకుని, "మనం దీవించమన్నాం. తల్లి విచారణ జరిపింది" అంది.

ఇప్పుడు నా సందేహం విను. "ఏ మందూ తగలనివ్వొద్దు" అన్న చీటీ నీ చేతిరాతలో ఉంది. మందు తగిలితే ఏం బయటపడుతుందో ఎవరికో తెలుసు. నీకు కూడా తెలుసా? తెలిస్తే ముందే చెప్పాల్సింది, దొంగసొత్తు నడపడంలో కొంచెం తర్ఫీదు పొందేవాణ్ని. పొట్ట కూటికి సోషియాలజీ కంటే అదే నయం.

ఒకటికి రెండు రంగులు పెంచిన ఆసామి,
గ్రోవర్


ఆరీకా,
25 ఆగస్టు 1999

గ్రోవర్,

నీకు తెలుసా అని అడిగావు నన్ను.

అమ్మ శవపేటిక ఎత్తేటప్పుడు నువ్వు మోసేవాళ్లతో "మెల్లగా, ఆవిడకు ఇరుకు బస్సులు పడవు" అన్నావు. అందరూ నవ్వారు. మేనమామ నీ మీదికి చెయ్యెత్తితే నేనే అడ్డుపడ్డాను. ఏడవడం చేతకాక నవ్విస్తున్నాడని చెప్పాను. నిజమే చెప్పాను. కాని ఆ రోజునుంచి ఈ రోజు వరకూ నువ్వు ఏది నిజంగా అంటున్నావో, ఏది నవ్వించడానికి అంటున్నావో నాకు తెలియదు. పసుపన్నావు, టాక్సీ అన్నావు. నిన్న సన్యాసిని, ఇవాళ టాక్సీ. రేపు దాంట్లోంచి ఏనుగు దిగిందని రాస్తావు.

నేను దొంగసొత్తని తెలిసీ తమ్ముడి చేతిలో పెట్టానంటావు. నీ చదువుకోసం ఈ ఉప్పులో చేతులు పెట్టినదాన్ని. హాస్యానికైనా ఆ మాట ఎలా వచ్చిందిరా నీకు?

నాకు పెళ్లి కావడం నీకు ఇష్టం లేదు. అంతే కదా. నేనొక్కదాన్నీ నీ కోసం ఇక్కడ ఉప్పులో ఊరుతూ ఉండాలి. ఆ మాటే రాసి ఉంటే నీకు గౌరవంగా ఉండేది.

పెళ్లయ్యేదాకా నాకు ఉత్తరాలు రాయొద్దు. కారుకు రంగు వేయించు, లేకపోతే మానేయి. నడిచి వెళ్తాను చర్చికి.

నెల్వా


ఎల్ ఆల్టో,
28 ఆగస్టు 1999

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఈ ఉత్తరంలో హాస్యం ఏమీ లేదు, వెతక్కు.

నీ ఉత్తరం చదివాక ఆ మందు సీసా తీసుకుని డ్రైవరు తలుపు మీద నేనే కావాలని కొట్టాను. ఈసారి పొరపాటు కాదు. ఎండలో నిలబడి చూశాను. తెలుపు ముడత పడింది. తుడిచాను. నల్ల తలుపు మీద తెల్ల అక్షరాలతో నంబరు వచ్చింది. చిలీ టాక్సీలకు తలుపు మీద రాసే నంబరు. ఎన్‌కె 2817. రెండో తలుపు మీద కూడా అదే ఉంది. నంబరు ప్లేటు మీద ఉన్నది వేరు.

అత్త చూసింది. రెంబెర్తో చూశాడు. నా మాట నమ్మకపోతే అత్త వేలిముద్ర వేయించి పంపుతాను.

ఆ నంబరు ఎవరిదో నువ్వు ఒక్కదానివే వెళ్లి కనుక్కో. అదెమార్‌ను అడగకు, అడిగేముందు కనుక్కో. ఆ నంబరు ఎవరిదీ కాకపోతే నేను అబద్ధాలకోరును, పెళ్లికి రాను, నీకు నా ముఖం చూపించను. ఎవరిదైనా అయితే ఆ మనిషి బాగున్నాడో లేదో చూసి రా. నాకు నిద్రపట్టనిది కారు గురించి కాదు. టాక్సీని దొంగిలించాలంటే ముందు దాన్ని నడిపేవాణ్ని ఏదో ఒకటి చెయ్యాలి.

నీకు తెలుసా అని అడిగాను. అది హాస్యం కాదు, భయం. అడగకుండా ఉండాల్సింది. నిన్ను అనుమానించలేదు, నువ్వు ఎవరి పక్కన నిలబడి ఉన్నావో తలుచుకుని అడిగాను.

పెళ్లి చేసుకో. నీకు పెళ్లి కావాలని నాకూ ఉంది. వేరే ఎవరినైనా.

గ్రోవర్


ఆరీకా,
2 సెప్టెంబరు 1999

తమ్ముడూ,

నీ ఉత్తరం అందకముందే అదెమార్‌కు చెప్పేశాను. మనసు ఆగలేదు. గేటు దగ్గర నడుస్తూ, "మావాడు కడిగేటప్పుడు ముందువైపు రంగు పోయిందట" అన్నాను. ఎంత పోయిందని అడుగుతాడనుకున్నాను. ఎలా పోయిందని అడుగుతాడనుకున్నాను. అతను నడక ఆపి, "ఎవరెవరు చూశారు?" అన్నాడు.

అంతే అన్నాడు. తరవాత నవ్వాడు, నా చేతిలో సంచీ అందుకున్నాడు, పీచుమిఠాయి కొనిపెట్టాడు. నేను తిన్నాను కూడా. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ మాట చెవిలో తిరగడం మొదలైంది. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది.

బస్టాండు పక్కన టాక్సీల స్టాండుకు వెళ్లాను. నంబరు చెప్పాను. పేకాడుతున్నవాళ్లు ముక్కలు కింద పెట్టారు. ఒక పెద్దాయన లేచి, "ఆ నంబరు నీకెక్కడిదమ్మా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "నువ్వు చెప్పకపోయినా సరే, ముందు అతన్ని చూడు" అని తన బండిలోనే తీసుకెళ్లాడు.

అతని పేరు లీనో బరేరా. చచ్చిపోలేదు, అది ముందు చెప్తున్నాను. పోయినేడు చలికాలంలో ఇద్దరు ప్రయాణికులు లోయలోకి బేరమాడి ఎక్కారట. దారిలో తల మీద కొట్టి రోడ్డు పక్కన పారేశారు. ఎవరో లారీవాళ్లు చూసి తీసుకొచ్చారు. నడుస్తాడు, తింటాడు. కాని ఏ రోజో తెలియదు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటాడు. భార్య పేరు ఒటీలియా, కుట్టుపని చేస్తుంది. నన్ను లోపలికి రమ్మని బల్ల మీద అతని పక్కనే కూర్చోబెట్టింది. నేను కూర్చోగానే అతను కుడిచెయ్యి పక్కకు, గేరు ఉండే చోటికి చాపి, నా వైపు తిరిగి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

మళ్లీ అడిగాడు. మళ్లీ అడిగాడు.

"ఏదో ఒక చోటు చెప్పు, లేకపోతే అడుగుతూనే ఉంటాడు," అంది ఒటీలియా. నేను ఆలోచించేలోపు ఆవిడే, "మార్కెట్‌కి, లీనో" అంది. అతను తలూపి ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

అంతా చెప్పేశాను ఆవిడకు. కారు మన దగ్గరుందని, నేను ఫలానావాణ్ని చేసుకోబోతున్నానని. తిడుతుందనుకున్నాను. చాలాసేపు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. "ఇప్పుడు ఏ రంగులో ఉంది?" అంది. "సగం మాది, సగం మీది" అన్నాను. టీ పెట్టింది. నాకు పెట్టిన కప్పులో చక్కెర వెయ్యడం మరిచిపోయింది. నేను అడగలేదు.

అదెమార్ కొట్టాడో, కొట్టినవాళ్ల దగ్గర తెచ్చాడో నాకు తెలియదు. అది పోలీసులు తేలుస్తారు, ఒటీలియా నేనూ రేపు వెళ్తున్నాం. కాని ఎవరిదని అడక్కుండా దానికి తెల్లరంగు పూశాడు, పూసి, నీ దగ్గరికి తెచ్చే ముందు తాళాలు నా అరచేతిలో పెట్టాడు, పెట్టి ముద్దు పెట్టుకున్నాడు. నాకది చాలు. పెళ్లి లేదు. షెడ్డులో వాళ్లకు ఏం చెప్పాలో తరవాత ఆలోచిస్తాను.

నువ్వు కారు తీసుకుని మంగళవారానికి తాంబో కెమాడో సరిహద్దుకు రా. చిలీ వైపు గేటు దగ్గర నేనూ ఒటీలియా ఉంటాం. రంగు వేయించి ఉంటే వేయించావు. వేయించకపోతే అలాగే తీసుకురా, ఒక్క చుక్క పుయ్యకు. అదెమార్ రెండు రోజులుగా కనపడటం లేదు. అక్కడికి వస్తే తాళాలు ఇవ్వకు, గొడవ పడకు. నువ్వు మాటల్లో వస్తాదువు, చేతుల్లో కాదు.

నిన్ను నమ్మనందుకు క్షమాపణ ఎలా రాయాలో తెలియడం లేదు. కలిసినప్పుడు కొట్టు.

అక్క


తాంబో కెమాడో,
7 సెప్టెంబరు 1999

అక్కా,

సరిహద్దులో ఇవతలి గేటు దగ్గర, కారు బానెట్ మీద కాగితం పెట్టి రాస్తున్నాను. నలుపు వైపు పెట్టాను, ఎండకు వెచ్చగా ఉంది. నువ్వు అవతలి గేటు దగ్గర ఉండి ఉంటావు. మధ్యలో ఉన్నది కొంచెం రోడ్డు, ఒక సరస్సు, రెండు ప్రభుత్వాలు. అటు పోతున్న లారీ ఆయన ఈ చీటీ అందిస్తానన్నాడు.

ఆలస్యం ఎందుకైందో చెప్పాలి. నీ ఉత్తరమూ అదెమారూ ఒకే బస్సులో వచ్చారు. ఉత్తరం కోసం నేను బస్టాండులో నిలబడి ఉంటే డ్రైవర్ కన్నా ముందు ఇతను దిగాడు. "బావమరిదీ" అని వాటేసుకున్నాడు. అతని భుజం మీదుగా డ్రైవర్ నీ కవరు నా చేతికిచ్చాడు.

"అక్క ఉత్తరమా? చదువు, చదువు. నా గురించి ఏం రాసిందో," అన్నాడు.

"అక్క ఉత్తరాలు చదివితే నాకు కడుపు కదుల్తుంది బావా. సరైన చోట కూర్చుని చదవాలి," అన్నాను.

నవ్వాడు. బస్టాండు మరుగుదొడ్లో నిలబడి లీనో గురించి చదివాను. బయటికి వచ్చేసరికి నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. "నిజంగానే కదిలినట్టుందే" అన్నాడు అతను. నాకు తిరిగి అనడానికి ఒక్క మాట దొరకలేదు. అలా జరగడం ఇదే మొదలు.

ఇంటికి తీసుకురాక తప్పలేదు, కారు మన పెరట్లోనే టార్పాలిన్ కింద ఉంది. గుమ్మంలోనే అత్త చెవిలో రెండు మాటలు వేశాను. అత్త ముఖంలో గీత కూడా కదల్లేదు.

"రా నాయనా, పెళ్లికొడుకు ఖాళీ కడుపుతో నిలబడకూడదు. ముందు తిను," అంది.

"కారు చూసి తింటానత్తా. రంగేసే మనిషిని మాట్లాడాను, ఇప్పుడే తీసుకెళ్లాలి."

"మా ఇంట్లో సూపు కాదన్నవాడు పిల్లను కాదన్నట్టే. కూర్చో."

కూర్చున్నాడు. కూర్చోకుండా ఎలా ఉంటాడు. గిన్నె సగమైనప్పుడల్లా అత్త నింపుతూనే ఉంది. ఎండు బంగాళాదుంపలు, మాంసం, మళ్లీ దుంపలు. నీ చిన్నప్పటి కథలు చెప్పడం మొదలుపెట్టింది, అన్నీ అబద్ధాలు. నేను వెనక తలుపునుంచి పెరట్లోకి వెళ్లి టార్పాలిన్ లాగాను. ఇంజను మొరాయించింది, మన ఎత్తుల్లో చలికి అన్నీ అంతే. మూడోసారికి అందుకుంది. వీధి మలుపులో అద్దంలో చూశాను. అతను చేతిలో చెంచాతో వీధి మధ్య నిలబడి ఉన్నాడు. పరిగెత్తలేదు, అరవలేదు. కారును చూస్తున్నాడు. తెలుపు ఊడిపోయి అందరికీ కనపడుతున్న ఆ తలుపును. అక్కా, అతనికీ భయమేసిందని అప్పుడు అర్థమైంది. అది చూస్తే నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

అత్త గురించి భయపడకు. రెంబెర్తోనీ, కోళ్లు నరికే అతని వంటవాళ్లనీ ముందే పిలిచి గుమ్మంలో పెట్టే వచ్చాను. దారిలో రెంబెర్తో కొట్టుకు ఫోన్ చేసి అత్తతో మాట్లాడాను. అదెమార్ గిన్నె కడిగి బోర్లించి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడట. ఎటు వెళ్లాడో తెలియదు. నువ్వు ఒంటరిగా ఎక్కడికీ పోకు. ఒటీలియా పక్కనే ఉండు.

దారి పొడుగునా జనం చూశారు. ఒక ఊళ్లో పిల్లలు చేతులూపారు. సాహామా కొండ దగ్గర పోలీసు ఆపి, "ఇదేం రంగు?" అన్నాడు. మామూలుగా అయితే ఆ ప్రశ్నకు నా దగ్గర అరగంటకు సరిపడా సరుకుండేది. "దొంగిలించిన కారు, తిరిగి ఇవ్వడానికి తీసుకెళ్తున్నాను" అన్నాను. అతను చాలాసేపు నా ముఖంలో నవ్వు కోసం వెతికాడు. దొరకలేదు. పొమ్మన్నాడు.

ఇక్కడ మాత్రం అంత తేలిగ్గా లేదు. గేటు ఆఫీసరు పెద్దవాడు, ముక్కు మీద కళ్లద్దాలు. ఈ కారు ఇటు ఎలా వచ్చింది, అటు ఎందుకు పోతోంది అన్నాడు. చెప్పాను. నన్ను ఇక్కడే ఉంచేసినా ఉంచేస్తారు, ఆ సంగతి ముందే చెప్పాడు, మర్యాదగానే చెప్పాడు. అలా అయితే కారు ఎవరైనా మీ వైపుకు నడిపి తెస్తారట, అది మాత్రం ఒప్పించాను. అత్త కట్టిచ్చిన దుంపలూ జున్నూ వెనక సీట్లో ఉన్నాయి, ఒటీలియాకు ఇవ్వు. లీనోకు నమలడానికి మెత్తగానే ఉడికించానని చెప్పమంది.

తరవాత ఆఫీసరు కలం తీసి అడగడం మొదలుపెట్టాడు.

"యజమాని?"

"లీనో బరేరా."

"ఎక్కడుంటాడు?"

"ఆరీకా."

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"నీకేమవుతాడు?"

నేను కారు వైపు చూశాను. ఆయన కలం మూసి, ఆలోచించుకో, భోంచేసి వస్తానని లేచి వెళ్లాడు. ఇంకా రాలేదు. వచ్చేలోపు నీ జవాబు నాకు అందదని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఏమవుతాడక్కా మనకు?

గ్రోవర్